నీటినీ విద్యుత్తునూ ఒకే లెక్కలో చూసిన ఇంజనీరు: డాక్టర్ కె.ఎల్.రావు

బిలాస్‌పూర్ జిల్లా మస్తూరీ ప్రాంతంలో అర్ధరాత్రి దాటాక వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. జిల్లాలోని సీపత్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి మాత్రం రాత్రి అంటూ లేదు. 2,980 మెగావాట్ల సామర్థ్యం గల ఆ కేంద్రంలో బొగ్గు మండుతూనే ఉంటుంది. రైల్వే ఉద్యోగాల నిమిత్తం తరాల క్రితం బిలాస్‌పూర్‌కు తరలివచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బొగ్గు వ్యాగన్ల రాకపోకలు నిత్యం కనిపించేవే. అయితే ఒక ప్రశ్న మాత్రం సామాన్యంగా ఎవరికీ తట్టదు. ఊళ్ళన్నీ నిద్రపోయే వేళ ఆ కరెంటు అంతా ఏమవుతుంది?

విద్యుత్తును ధాన్యంలా గాదెలో పోసి దాచుకోలేము. తీగలో ప్రవహించే విద్యుత్తు తయారైన క్షణంలోనే ఖర్చు కావాలి. వాడకం తగ్గిందని పెద్ద బాయిలరును రాత్రి ఆర్పివేసి, తెల్లవారి మళ్ళీ రాజేయడం సులభం కాదు. ఖర్చు కూడా ఎక్కువ. సౌర విద్యుత్తుతో ఇదే చిక్కు తలకిందులై ఎదురవుతోంది. మిట్టమధ్యాహ్నం కరెంటు మిగిలిపోతుంది. దీపాలు వెలిగించే సాయంకాలానికి సూర్యుడు ఉండడు. మిగిలిన వేళ దాచి, తక్కువైన వేళ తీసి వాడుకొనే ఉపాయమే నేడు ప్రపంచమంతటా ఇంజనీర్లు వెతుకుతున్నది. బ్యాటరీలు వేగంగా వస్తున్నా, నిల్వ ఉంచగల విద్యుత్తు పరిమాణంలో ఇప్పటికీ అగ్రస్థానం ఒక పాత పద్ధతిదే. అది నీటిని ఎత్తుకు ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలే పద్ధతి.

ఈ పద్ధతికి తగిన యంత్రాలను భారతదేశంలో మొట్టమొదట భారీ స్థాయిలో అమర్చింది తెలుగు నేలమీదనే, కృష్ణానదిపైన నాగార్జునసాగర్ వద్ద. ఆ ఆనకట్ట రూపకర్త, ఆ తరువాత దశాబ్దకాలం కేంద్ర నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ మంత్రి డాక్టర్ కానూరి లక్ష్మణరావు. కె.ఎల్.రావుగా దేశమంతటికీ సుపరిచితులు. ఆయన కన్నుమూసి నాలుగు దశాబ్దాలు అవుతోంది. నదిలోని నీటినీ, తీగలోని విద్యుత్తునూ రెండు వేర్వేరు పద్దులుగా కాక ఒకే ఖాతాగా చూడడం ఆయన జీవితకృషిలో ప్రధాన సూత్రం.

కంకిపాడు నుంచి బర్మింగ్‌హామ్ వరకు

లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదేళ్ళ వయస్సులోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో చదివే రోజుల్లో ఆటస్థలంలో తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. నకాశీ గీతల మీద, కొలతల మీద ఆధారపడే ఇంజనీరింగ్ వృత్తికి చూపే పెట్టుబడి. అయినా ఆ బాలుడు ఆ వృత్తినే ఎంచుకున్నాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, ఆపై గిండీ ఇంజనీరింగ్ కళాశాలలోను చదువు సాగింది. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన తొలి విద్యార్థి ఆయనే. కొంతకాలం బర్మాలోని రంగూన్‌లో ఆచార్యులుగా పనిచేశారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకున్నారు. కట్టడాల నిర్మాణశాస్త్రం, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఆయనకు ప్రీతిపాత్రమైన విషయాలు.

స్వదేశానికి తిరిగివచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా పనిచేశారు. 1950లో ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగం డైరెక్టరుగా చేరారు. 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. స్వతంత్ర దేశం నదులకు అడ్డంగా గోడలు కట్టడం ఆరంభించిన కాలమది. ఏ నది అడుగున ఏ రాయి ఉంది, ఏ నేల ఎంత బరువు మోయగలదు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన స్థానమది. మృత్తికా యాంత్రికశాస్త్రంలో ఆయనకున్న ప్రావీణ్యాన్ని గుర్తించి, ఆ రంగానికి చెందిన అంతర్జాతీయ సంఘం తన ఉపాధ్యక్షులుగా ఎన్నుకున్నది.

రాతిగోడ వెనుక 408 టి.ఎం.సి.లు

కృష్ణానదిపై నందికొండ వద్ద ఆనకట్ట నిర్మించవచ్చునని 1952లో ఖోస్లా కమిటీ తేల్చింది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. దానికి నాగార్జునసాగర్ అని పేరు పెట్టారు.

అవి సిమెంటుకు, విదేశీ మారకద్రవ్యానికి కరవున్న రోజులు. అందుచేత ఆనకట్టను కాంక్రీటుతో కాక ప్రధానంగా రాతితో కట్టారు. వేలాది కూలీలు రాళ్ళు కొట్టి, మోసి, పేర్చి లేపిన గోడ అది. నది గర్భం నుంచి సుమారు 124 మీటర్ల ఎత్తు. మట్టి కట్టలతో కలిపి పొడవు ఐదు కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ. రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే మిక్కిలి పెద్దదిగా అది పేరు పొందింది. జలాశయం తొలి సామర్థ్యం 408 టి.ఎం.సి.లు. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు స్థిరపడ్డాయి.

నీటిని ఎత్తున నిలపాలంటే ఎవరో ఒకరు నేల వదులుకోవాలి. సాగర్ జలాల కింద విజయపురి శిథిలాలు మునిగిపోయాయి. ఇక్ష్వాకుల రాజధానిగా వర్ధిల్లిన ఆ లోయలో 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. దక్కిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండపైకి తరలించింది. ఆ కొండే నేడు జలాశయం నడుమ ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ. ఎగువన శ్రీశైలం ఆనకట్టకు 1963 జూలైలో పునాదిరాయి పడింది. ఆ నిర్మాణం పూర్తయ్యేనాటికి వందకు పైగా గ్రామాలు ముంపునకు గురయ్యాయి. ఇళ్ళు విడిచిన వారి గోడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. లక్ష్మణరావు తరం ఇంజనీర్ల ఘనతను చెప్పుకొనేటప్పుడు ఈ మూల్యాన్ని కూడా లెక్కలో వేయడం న్యాయం.

క్యూసెక్కుల అభ్యర్థి

1962లో లక్ష్మణరావు విజయవాడ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లోను, 1971లోను ఆ నియోజకవర్గమే మళ్ళీ ఆయన్ను గెలిపించింది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతుందో తెలిపే క్యూసెక్కు అన్న సాంకేతిక కొలత ఆయన ఎన్నికల పేరులో భాగమైపోయింది. తరువాతి కాలంలో రాసుకున్న ఆత్మకథకు కూడా ఆయన ది క్యూసెక్స్ కాండిడేట్ అనే పేరు పెట్టుకున్నారు. అది 1978లో వెలువడింది.

1963 జూలైలో నెహ్రూ ఆయన్ను కేంద్ర మంత్రివర్గంలోకి తీసుకున్నారు. ఆ సంవత్సరమే పద్మభూషణ్ పురస్కారం లభించింది. లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వాల్లోనూ కొనసాగి, 1973 వరకు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి బాధ్యతలు చూశారు. డ్రాయింగుపై సంతకం చేసిన ఇంజనీరే మంత్రిగా దానికి నిధులు వెతకవలసి రావడం మన దేశంలో అరుదుగా జరిగిన సంగతి.

ఆయన మంత్రిగా ఉన్న కాలంలో రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలు దేనికది విడిగా ఉండేవి. ఒక రాష్ట్రంలో జలాశయాలు నిండి కరెంటు మిగిలినా, పక్క రాష్ట్రపు చీకటిని అది పోగొట్టలేకపోయేది. 1964లో దేశాన్ని ఐదు ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ మండలులను ఏర్పాటు చేశారు. రాష్ట్రాల తీగలను ప్రాంతంగా, ప్రాంతాలను దేశంగా కలపాలన్నది దాని వెనుక ఉద్దేశం. తీగల అనుసంధానం కూడా ఒక విధంగా నిల్వే. ఒకచోట వర్షాకాలపు నీరు, మరొకచోట బొగ్గు, వేరొకచోట వాడకం తగ్గిన వేళ, ఇవన్నీ ఒకదానికొకటి ఆసరా అవుతాయి.

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. పొలంలో బావి, బావిమీద మోటారు అన్నది తెలుగు జిల్లాల్లో సాధారణ దృశ్యంగా మారడానికి ఆ దశాబ్దం నాంది పలికింది. అయితే మోటార్లు పెరిగేకొద్దీ వాటికి కరెంటు ఎప్పుడు ఇవ్వాలన్న సమస్యా పెరిగింది. పగలు కర్మాగారాలకు, సాయంత్రం ఇళ్ళకు పోగా మిగిలిన రాత్రి కరెంటు రైతు వంతయింది. చేతిలో టార్చిలైటుతో గట్లమీద నడిచి మోటారు వేయడానికి వెళ్ళిన రైతు పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురైన వార్తలు మా వార్తావిభాగాలకు కొత్తవి కావు. విద్యుత్తు నిల్వ అన్నది ప్రయోగశాలకు పరిమితమైన చర్చ కాదని ఆ వార్తలే చెబుతాయి.

వెనక్కి తిరిగే యంత్రం

నీటిలో విద్యుత్తును దాచే పద్ధతి 19వ శతాబ్దం చివరిలో ఐరోపాలోని పర్వతప్రాంతాల్లో మొదలైంది. ఎగువన ఒక జలాశయం, దిగువన ఒక జలాశయం ఉండాలి. కరెంటు మిగిలిన వేళ దిగువ నీటిని పంపుతో పైకి ఎక్కిస్తారు. కరెంటు కావలసిన వేళ ఆ నీటినే వదిలి టర్బైన్ తిప్పుతారు. మొదట్లో పంపు వేరు, టర్బైన్ వేరు. తరువాత ఒకే యంత్రం ఒకవైపు తిరిగితే టర్బైన్‌గా, వెనక్కి తిరిగితే పంపుగా పనిచేసే రివర్సిబుల్ యంత్రాలు వచ్చాయి.

లెక్క సులభం. నూరు మీటర్ల ఎత్తు నుంచి నాలుగు ఘనపు మీటర్ల నీరు, అనగా నాలుగు వేల లీటర్లు దిగితే ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు వస్తుంది. ఆ నీటిని మళ్ళీ పైకి చేర్చడానికి ఒక యూనిట్ కంటే ఎక్కువే ఖర్చవుతుంది. నూరు యూనిట్లు దాచితే తిరిగి చేతికి వచ్చేవి సుమారు 75 నుంచి 80. మిగిలినది రాపిడికి, వేడిమికి పోతుంది. అది దండగ అనిపించవచ్చు. కాని అర్ధరాత్రి ఎవరికీ అక్కరలేని నూరు యూనిట్ల కంటే, సాయంత్రం ఏడు గంటలకు అందే 75 యూనిట్ల విలువ ఎక్కువ.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల మామూలు యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు ఉన్నాయి. మొత్తం 815.6 మెగావాట్లు. తొలి యూనిట్ 1978లో ప్రారంభమైంది. రివర్సిబుల్ యూనిట్లు 1980 నుంచి 1985 మధ్య ఒకదాని తరువాత ఒకటి పనిలోకి వచ్చాయి. అప్పటికి లక్ష్మణరావు మంత్రిపదవి విడిచి ఏళ్ళయింది. యంత్రాలు బిగించిన ఖ్యాతి రాష్ట్ర విద్యుత్ బోర్డు ఇంజనీర్లది. ఆ యంత్రాలకు కావలసిన ఎత్తును, వాటి వెనుక నిలిచిన నీటిని సమకూర్చింది ఆయన గీసిన గోడ.

అయితే అక్కడ ఒక వెలితి మిగిలిపోయింది. వెనక్కి పంపు చేయాలంటే ఆనకట్ట దిగువన నీరు నిలిచి ఉండాలి. టర్బైన్ల నుంచి బయటపడిన నీరు కృష్ణా డెల్టా వైపు ప్రవహించిపోతుంటే పంపుకు అందేది ఏముంటుంది? దిగువన టెయిల్ పాండ్ అనే చిన్న ఆనకట్ట అవసరం. యంత్రాలు 1985 నాటికే సిద్ధమైనా, దిగువన సత్రశాల వద్ద ఆ ఆనకట్ట పని మొదలైంది 2000 సంవత్సరం దాటిన తరువాతే. అంతవరకు ఆ ఏడు యంత్రాలు ప్రధానంగా ఒకవైపే తిరిగాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక, యంత్రాల నిర్వహణ తెలంగాణ చేతిలోను, దిగువ ఆనకట్ట ఆంధ్రప్రదేశ్ చేతిలోను ఉండిపోయాయి. ఒకరు నీరు నిలిపితేనే మరొకరు పంపు చేయగలరు. కాబట్టి దాచిన కరెంటు ఇరువురి ఒప్పందం మీద ఆధారపడి ఉంటుంది.

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి. సాగర్ నిండుగా ఉన్నప్పుడు దాని వెనుక జలాలు శ్రీశైలం పాదాల వరకు వస్తాయి. ఆ విధంగా ఒకదాని కింద ఒకటిగా నిలిచిన జలాశయాలు మెట్లుగా ఏర్పడ్డాయి. అవి కేవలం సాగునీటి చెరువులు కావు, దేశపు విద్యుత్ నిల్వలు కూడా.

గంగను కావేరికి ఎక్కించే ఆలోచన

1972లో లక్ష్మణరావు దేశం ముందుంచిన గంగా కావేరీ అనుసంధాన ప్రతిపాదన ఆయనకు అమితమైన కీర్తిని, అంతే విమర్శను తెచ్చిపెట్టింది. పాట్నా సమీపంలో వరద రోజుల్లో గంగ నుంచి 60 వేల క్యూసెక్కుల నీటిని సంవత్సరంలో 150 రోజులపాటు తీసుకోవాలి. అందులో 50 వేల క్యూసెక్కులను మధ్యభారతపు ఎత్తులకు ఎక్కించి, సోన్, నర్మద, తపతి, గోదావరి, కృష్ణ, పెన్నా పరీవాహాల మీదుగా కావేరికి చేర్చాలి. మార్గం పొడవు 2,640 కిలోమీటర్లు.

నీటిని ఎత్తడానికే 5 వేల నుంచి 7 వేల మెగావాట్ల విద్యుత్తు అవసరమని అంచనా. ఆనాడు దేశమంతటి ఉత్పత్తి సామర్థ్యం 20 వేల మెగావాట్లు కూడా లేదు. ఖర్చును చాలా తక్కువగా వేశారని కేంద్ర నిపుణులు అభిప్రాయపడ్డారు. ప్రతిపాదన మూలపడింది. విద్యుత్ లెక్కల్లో అంత ఆరితేరిన మనిషి ఆ లెక్కను ఎందుకు దాటిపోయారన్న ప్రశ్న సహేతుకమైనదే. బీహార్‌లో వరదలు, రాయలసీమలో కరవు ఒకే ఏడాది రావడం చూసిన మంత్రికి, రెండింటినీ ఒకే నకాశీలో కలపాలన్న ఆశ లెక్కను మించిపోయిందని భావించవచ్చు. ఏమైనా ఆ చర్చ వ్యర్థం కాలేదు. 1982లో జాతీయ జలవనరుల అభివృద్ధి సంస్థ ఏర్పడి నదుల అనుసంధానాన్ని విడివిడి భాగాలుగా పరిశీలించడం ఆరంభించింది.

మంత్రిపదవి ముగిశాక 1975లో భారతదేశపు జలసంపదపై ఆయన ఆంగ్లంలో రాసిన గ్రంథం వెలువడింది. నదీనదాల వివరాలకు అది ఇంజనీర్లు నేటికీ తిరగవేసే పుస్తకం. 1986 మే 18న ఆయన పరమపదించారు.

మిగిలిన పని

ఆయన కోరుకున్న జాతీయ గ్రిడ్ పూర్తి కావడానికి ప్రాంతీయ మండలులు ఏర్పడిన నాటి నుంచి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ ప్రాంతం మిగిలిన దేశంతో అనుసంధానమైంది. అప్పటినుంచి ఛత్తీస్‌గఢ్ బొగ్గు కేంద్రాలు, కృష్ణానది టర్బైన్లు ఒకే లయలో తిరుగుతున్నాయి. సీపత్‌లో అర్ధరాత్రి మిగిలే విద్యుత్తుకూ, సాగర్‌లో పంపుకు కావలసిన విద్యుత్తుకూ మధ్య నేడు తెగిన తీగ లేదు.

సౌర, పవన విద్యుత్తు పెరగడంతో నీటి నిల్వల మీద మళ్ళీ దృష్టి పడింది. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రాన్ని సౌర, పవన కేంద్రాలతో జోడించి చేపట్టారు. ఎగువ సీలేరు వద్ద 1,350 మెగావాట్ల కేంద్రానికి ప్రణాళిక సిద్ధమైంది. పిన్నాపురం నమూనాలో నదికి అడ్డంగా ఆనకట్ట ఉండదు. కొండమీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, ఒకసారి నింపిన నీటినే పైకీ కిందికీ తిప్పుతారు. ముంపు తక్కువ. సాగర్‌లో దిగువ చెరువు మూడు దశాబ్దాలు ఆలస్యమైన అనుభవాన్ని, శ్రీశైలం నిర్వాసితుల అనుభవాన్ని ఈ కొత్త పథకాలు మరచిపోకపోవడం అవసరం.

నాగార్జునసాగర్‌కు, విజయవాడ ప్రకాశం బ్యారేజికి నడుమ పులిచింతల వద్ద మరొక జలాశయం ఉండాలన్నది డెల్టా రైతుల చిరకాల వాంఛ. సాగర్ నుంచి విద్యుత్తు కోసం వదిలిన నీరు పైరుకు అక్కరలేని రోజుల్లో సముద్రం పాలు కాకుండా అక్కడ ఆగుతుంది. నారుమళ్ళ వేళకు డెల్టాకు అందుతుంది. 45.77 టి.ఎం.సి.ల ఆ జలాశయం 2013 డిసెంబరులో ప్రారంభమైంది. 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రమూ దానికి తోడైంది. కంకిపాడు పొలాలకు ఎగువన, కరెంటు కోసం దిగివచ్చిన నీటిని పైరు కోసం ఆపే ఆ జలాశయానికి పెట్టిన పేరు డాక్టర్ కె.ఎల్.రావు సాగర్.